మెట్ల మీద పడుకునేవాళ్ళ మాటకు బీరువాలో చోటివ్వండి

మహబూబ్‌నగర్ జిల్లా గ్రంథాలయ సంస్థ పెద్దలకు, మన పట్టణంలో పుస్తకం చదివే అలవాటున్న అందరికీ నమస్కారం.

నేను పెద్దాసుపత్రి దారిలో ఒక మెడికల్ షాపులో రాత్రి డ్యూటీ చేస్తాను. తొమ్మిదికి ఎక్కితే తెల్లవారి ఆరింటికి దిగుతాను. పదకొండేళ్ళుగా ఇదే నా పని. షాపు ముందు నాలుగు మెట్లు, పక్కన రాత్రిపూట మూసి ఉండే రెండు షట్టర్లు. పది దాటిందంటే ఆ మెట్ల మీదికీ, షట్టర్ల ముందుకీ మనుషులు వస్తారు. కొందరు రోగికి తోడుగా వచ్చినవాళ్ళు. డిశ్చార్జి కాగానే ఊరికి పోతారు. ఇంకొందరికి డిశ్చార్జీ లేదు, పోవడానికి ఊరూ లేదు. ఈ ఉత్తరం వాళ్ళ గురించి. దుప్పట్ల కోసమో అన్నం పొట్లాల కోసమో రాయడం లేదు. వాళ్ళు చెప్పేది వినండి, విన్నది రాసిపెట్టండి అని అడగడానికి రాస్తున్నాను.

ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, మెట్ల మీద ఎవరూ పడుకోకుండా చూడమని నాకు చెప్పారు. ఎట్లా చూడాలని అడిగితే, తొమ్మిదిన్నరకు రెండు బకెట్ల నీళ్ళు కొట్టమన్నారు. తడి మెట్ల మీద ఎవరూ పడుకోరు కదా. కొన్ని నెలలు ఆ పని చేశాను. చలికాలంలో కూడా చేశాను. ఒక రాత్రి ఒక అవ్వ మూట పట్టుకుని వచ్చి, తడి మెట్లు చూసి, ఏమీ అనకుండా కాసేపు పక్కన నిలబడింది. తర్వాత మూటలోంచి పాత చీర ముక్క తీసి ఒక్కో మెట్టూ తుడిచింది. గుడ్డ పిండి మళ్ళీ తుడిచింది. ఇంట్లో కడప తుడిచినట్టు మూలల్లో వేలు పెట్టి మరీ తుడిచింది. నేను కౌంటర్ వెనక నుంచి చూస్తూ ఉన్నాను. అంతా అయ్యాక నా వైపు తిరిగి అన్నది:

"నీళ్ళు పోస్తే పోయేదాన్నయితే ఎన్నడో పోదును బిడ్డా. మా ఊరి మీదనే పోసిండ్రు."

మర్నాటి నుంచి నేను బకెట్ ముట్టలేదు. కానీ ఆ మాట పూర్తిగా అర్థం కావడానికి చాలా రాత్రులు పట్టింది.

అవ్వది కొల్లాపూర్ దిక్కు, కృష్ణ ఒడ్డున ఊరు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళు వస్తున్నాయని 1981లో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయించారు. అప్పటికి ఆమెకు పెళ్ళయి మూడేళ్ళు, చంకలో పిల్లవాడు. దూలాలు, దర్వాజలు పీకి బండి మీద వేసుకున్నారట. రాతి కడప ఒక్కటి పెగలలేదు. దాన్ని వదిలేసి వచ్చారు. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామని 1986లో 98 జీవో వచ్చింది. ఆమె భర్త ఆ కాయితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి పోయాడు. ఆ కవరు ఇంకా ఆమె మూటలోనే ఉంది. ఒక ఎండాకాలం నీళ్ళు బాగా వెనక్కి పోయినప్పుడు వెళ్ళి ఊరు వెతుక్కుంది. గోడలన్నీ ఒక్క తీరుగా కూలి ఉంటే, తన ఇల్లు కడపను బట్టి గుర్తుపట్టిందట. దాని మీద పొద్దూకేదాకా కూర్చుని వచ్చింది.

"నన్ను ఇల్లు లేనిది అంటరు. తప్పు. నా ఇల్లు మునిగింది. లేకపోవుడు వేరే, మునుగుడు వేరే."

ఈ తేడాను నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

మరి కొడుకు? ఉన్నాడు. చెడ్డవాడు కాదని ఆమే చెప్తుంది. రెండు గదుల అద్దె ఇంట్లో వాళ్ళు అయిదుగురు, ఈమె ఆరో మనిషి. "మంచమిచ్చిండు, అన్నం పెట్టిండు. గనీ ఇల్లంటే అది గాదు బిడ్డా. ఎవలన్న వస్తే 'రా, కూసో' అని అనే హక్కు ఉండాలె. గది నాకు ఆడ లేకుండె." తల్లిదండ్రుల పోషణకు 2007లో వచ్చిన చట్టం ఉందని, ఆర్డీవో దగ్గర దరఖాస్తు పెడితే చాలని, లాయరు కూడా అక్కర్లేదని నేను చెప్పాను. నన్ను చాలాసేపు చూసి, "కడుపున పుట్టినోని మీద కాయితం పెడ్తనా?" అన్నది. ఆ తర్వాత నేను ఆ మాట ఎత్తలేదు. ఆమె చేసింది సరైందో కాదో నాకు తెలియదు. ఆమె ఆలోచించి చేసిందని మాత్రం తెలుసు.

ఇప్పుడు మా మెట్ల మీదికి కొత్త మనిషి ఎవరైనా బిక్కుబిక్కుమంటూ వస్తే ముందు లేచేది ఆమే. అట్ట ఒకటి పరిచి, "రా, కూసో" అంటుంది.

అట్టల సంగతి చెప్పాలి. నేను రోజూ రాత్రి ఖాళీ పెట్టెలు విప్పి అట్టలుగా చేసి బయట పెడతాను. సెలైన్ పెట్టె అట్ట మందంగా ఉంటుంది, చలి ఎక్కదు. సిరప్పుల పెట్టె పలచన, తెల్లారేసరికి నడుం పట్టేస్తుంది. అందుకని సెలైన్ అట్టలు ముసలివాళ్ళకు, సిరప్పు అట్టలు వయసువాళ్ళకు అని వాళ్ళలో వాళ్ళే ఒక పద్ధతి పెట్టుకున్నారు. దీని మీద ఈ పదకొండేళ్ళలో గొడవ నేను చూడలేదు.

రెండో మనిషిని అందరం బొంబాయి తాత అంటాం. నారాయణపేట దిక్కు మనిషి. పదిహేడేళ్ళప్పుడు, కూలీలను వలస పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్స్ తీసుకుని బొంబాయి బస్సెక్కాడు. ముప్పై ఏళ్ళకు పైగా అక్కడే బిల్డింగుల పని. సెంట్రింగ్ మీద నుంచి పడి తుంటి విరిగాక తిరిగి వచ్చాడు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. డ్యాములు, కాలువలు, రోడ్లు ఎక్కడ కట్టినా మనవాళ్ళు ఉన్నారని గొప్పగా, బాధగా చెప్పుకుంటాం. కానీ ఆ లేబర్‌లో ఒక మనిషి రాత్రి పడుకుని ఏం అనుకునేవాడో మనలో ఎంతమందికి తెలుసు? తాత చెప్పింది ఇది:

"కట్టేటప్పుడు ఆండ్లనే పండుకుంటం. పండ్రెండో అంతస్తుల పండుకున్న నేను. గోడలు లెవ్వు, సముద్రం గాలి. ఎంత షేటు వచ్చినా అప్పుడు అది నాదే. దర్వాజ పెట్టిన రోజు మా సామాను బయటికి. ఇంటికి దర్వాజ పెట్టేదాక అది కూలోనిది బిడ్డా, పెట్టినంక కొన్నోనిది."

తాతకు దేవుడి మీద కోపం లేదు, మేస్త్రి మీద కూడా పెద్దగా లేదు. కానీ 'రాత' అన్న మాట మీద మాత్రం అవ్వకూ ఆయనకూ పడదు. అవ్వ నొసటి రాత అంటుంది. తాత ఒప్పుకోడు. "నా నొసట బ్రహ్మ రాసింది నేను చూడలే. మేస్త్రి చిట్టీల రాసింది చూసిన. అయిదు వేలు అడ్వాన్స్ అని రాసి, మూడేండ్లు చేసినంక ఎనిమిది వేలు బాకీ అని రాసిండు. రాసేటోడు పైన లేడు, పక్కనే ఉన్నడు" అంటాడు. అవ్వ ఊరుకోదు. "మరి గా మేస్త్రి చెయ్యి పట్టి రాయించినోడు ఎవడు?" అంటుంది. చలి రాత్రుల్లో ఈ వాదన ఒంటిగంట దాకా నడిచిన రోజులున్నాయి. ఆసుపత్రి నుంచి మందుల చీటీతో పరుగెత్తుకొచ్చినవాళ్ళు కూడా ఒక నిమిషం నిలబడి విని పోయేవాళ్ళు.

మన పాత మర్రిచెట్టు పిల్లలమర్రి కొమ్మ 2017 చివర్లో విరిగి పడితే, 2018లో సెలైన్ సీసాల్లో మందు కలిపి చెట్టుకు ఎక్కించారు, మనందరికీ గుర్తే. ఆ సంగతి తాతకు చెప్తే సంతోషపడ్డాడు. చాలాసేపటికి, "మర్రికి నయం, ఊడలుంటయి. మొదలు పోయినా ఇంకోకాడ భూమిని పట్టుకుంటది. మా బొంబాయోళ్ళకు ఊడ దిగలే. పోయినకాడ దిగలే, వచ్చినకాడ ఎండింది" అన్నాడు.

ఇక మూడో ఆయన గురించి రాయడం నాకు కష్టం.

ఆయన పేరు నాకు తెలియదు. పెద్దాయన అని పిలిచేవాళ్ళం. పదకొండు నెలలు మా రెండో షట్టర్ ముందు పడుకున్నాడు. వ్యవసాయం పోయి, ఎద్దులు అమ్ముకుని వచ్చిన మనిషి. ఎప్పుడూ ఎద్దుల మాటే. "ఎద్దుకు అలుపొస్తే నిలబడ్తది. కొట్టినా కదలది. మనిషికి గట్ల నిలబడే ధైర్నం లేదు, అలిసినా నడుస్తనే ఉంటడు" అనేవాడు. అమ్మిన ఎద్దు సంతలో తన వైపు ఎట్లా చూసిందో చెప్పి, అక్కడితో ఆపేసేవాడు. ఒక జనవరి తెల్లవారుజామున లేవలేదు. మర్నాడు పేపర్లో నాలుగు లైన్లు వచ్చాయి. గుర్తు తెలియని వృద్ధుడు, వయసు సుమారు అరవై అయిదు, తెల్ల చొక్కా, నీలం గళ్ళ లుంగీ.

ఆ పేపర్ చేతిలో పట్టుకుని నేను కౌంటర్ దగ్గర నిలబడిపోయాను. ఆయన ఎద్దుల పేర్లు నాకు తెలుసు. ఏ సంతలో ఎంతకు అమ్మాడో తెలుసు. ఆయన పేరు అడగాలని నాకు ఒక్క రాత్రి కూడా తోచలేదు.

మాలో ఇంకొకాయన ఉన్నాడు, బోర్డుల సార్. ఒకప్పుడు షాపుల బోర్డులు, గోడల మీద అడ్వర్టైజ్‌మెంట్లు రాసిన ఆర్టిస్టు. ఫ్లెక్సీలు వచ్చాక పని పోయింది, తర్వాత చేయి వణకడం మొదలైంది. పెద్దాయన పోయిన రెండో రాత్రి ఆయన నా దగ్గరికి వచ్చి మార్కర్ పెన్ను అడిగాడు. ఒక్కొక్కరి దగ్గర కూర్చుని, పేరు అడిగి, వాళ్ళ వాళ్ళ అట్ట వెనక రాశాడు. పేరు, ఊరు. వణికే చేతిని ఎడమ చేత్తో పట్టుకుని రాశాడు. రాసి ఊరుకోలేదు, ప్రతి అక్షరానికీ కుడివైపు కింద సన్నగా నీడ గీశాడు. ఎందుకు సార్ అంత కష్టం, పేరు తెలిస్తే చాలదా అన్నాను. "నీడ లేకుంటే అక్షరం పడుకున్నట్టు ఉంటది. నీడ వేస్తే లేచి నిలబడ్తది" అన్నాడు. అప్పటి నుంచి మా మెట్ల మీద ఎవరికి కొత్త అట్ట వచ్చినా ముందు ఆయన దగ్గరికే పోతుంది.

అవ్వ అట్ట మీద మాత్రం పేరు లేదు. "రాయకు సారూ. నాకేమన్నయితే పేపర్ల పడ్తది, నా కొడుకుకు నామోషీ" అన్నది. ఆయన ఆలోచించి, ఆమె ఊరి పేరు ఒక్కటి రాశాడు. ఇప్పుడు నీళ్ళ కింద ఉన్న ఊరి పేరు, నీడతో సహా.

అయ్యా, నేను అడిగేది ఇక్కడ మొదలవుతుంది.

ఇళ్ళు లేనివాళ్ళను ప్రభుత్వం అసలు పట్టించుకోలేదని నేను అనను. 2011 జనాభా లెక్కల్లో, ఫిబ్రవరి 28 రాత్రి, దేశమంతా బయట పడుకున్నవాళ్ళను వెతికి లెక్కపెట్టారు. 17 లక్షల 70 వేల మందికి పైగా తేలారు. 2027లో మళ్ళీ లెక్క ఉంది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నియమాల్లో, లక్ష జనాభాకు కనీసం వంద మంది పట్టే ఆశ్రయం ఉండాలని, మనిషికి యాభై చదరపు అడుగులు ఉండాలని రాశారు. మన పట్టణం లక్ష దాటి ఎన్నాళ్ళయిందో. ఆ లెక్క అడగవలసిన చోట వేరే అడుగుతాను, మీది ఆ పని కాదు. ఆశ్రయాల రిజిస్టర్లో కూడా పేరు, వయసు, ఊరు, ఆధార్ నంబరు రాసుకుంటారు. రాసుకోవలసిందే. అయితే 'లేకపోవుడు వేరే, మునుగుడు వేరే' అన్న మాట రాసుకోవడానికి ఏ రిజిస్టర్లోనూ గడి లేదు. మాటలు దాచే ఆఫీసు జిల్లాకు ఒక్కటే, అది మీదే.

తెలంగాణలో తెలుగు కవులే లేరని ఒకరు రాస్తే, మన గద్వాల దిక్కు ఇటిక్యాలపాడు మనిషి సురవరం ప్రతాపరెడ్డి గారు వాదించి ఊరుకోలేదు. ఎక్కడెక్కడి కవుల పద్యాలో తెప్పించి, 354 మందితో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేయించారు. లేరన్నవాళ్ళకు అదే జవాబు. ఇవాళ రోడ్డు మీద పడుకునేవాడికి ఆకలి తప్ప ఆలోచన ఉండదని చదువుకున్నవాళ్ళే అనడం నేను విన్నాను. ప్రతాపరెడ్డి గారి జిల్లాలో ఆ మాట నిలవకూడదు. కథ చెప్పేవాడికి చాటెడు వడ్లు పోసి, అరుగు మీద పడక ఇచ్చిన ఊళ్ళు మనవి. శారదకాళ్ళు, బుడగ జంగాలు ఊరు మీద ఊరు తిరుగుతూ మన కథలు మోశారు. తిరిగేవాళ్ళ నోట విద్య ఉంటుందని మన తాతలకు తెలుసు. పన్నెండు మెట్ల కిన్నెర వాద్యం మోసిన దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వస్తే మనమంతా చప్పట్లు కొట్టాం కదా.

మీ సంస్థకు ఆదాయం ఇంటి పన్ను మీద సెస్సు. రూపాయికి ఎనిమిది పైసలు. ఇల్లు లేనివాడు ఆ ఎనిమిది పైసలు కట్టలేదని ఎవరైనా అనొచ్చు. బొంబాయి తాత ఎన్ని ఇళ్ళకు ఇటుక మోశాడో ఆయనకే లెక్క లేదు. ఆ పైసల్లో ఆయన వాటా కూడా ఉందనే నేను అనుకుంటాను.

ప్రతి ఏడాదీ నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుపుతారు. పిల్లలకు వ్యాసరచన, వక్తృత్వం, కవి సమ్మేళనం పెడతారు. ఆ ఏడు రోజుల్లో ఒక్క సాయంత్రం మా మెట్ల వాళ్ళకు ఇవ్వండి. వక్తల్ని కూర్చోబెట్టే కుర్చీలోనే కూర్చోబెట్టండి. మైకు ఇవ్వండి. వక్తకు ఏం ఇస్తారో అదే ఇవ్వండి. ప్రయాణ ఖర్చు ఇస్తే వాళ్ళకూ ఇవ్వండి, శాలువా కప్పితే వాళ్ళకూ కప్పండి. నవంబర్ రాత్రుల్లో శాలువా విలువ వాళ్ళకు తెలిసినంత మనకు తెలియదు. వాళ్ళు చెప్పింది ఎవరో ఒకరు చక్కని చేతిరాతతో రాసి, మళ్ళీ వాళ్ళకు చదివి వినిపించి, ఒప్పుకున్న మాటే ఉంచి, బైండు చేయించి స్థానిక చరిత్ర పుస్తకాల పక్కన పెట్టండి. పేరు వద్దన్నవాళ్ళ పేరు వద్దు.

ఫోటోలు మాత్రం దయచేసి వద్దు. చలికాలం రాగానే దుప్పట్లు పంచేవాళ్ళు వస్తారు, మంచివాళ్ళే, వాళ్ళకు దండం పెడతాను. కానీ దుప్పటి ఇచ్చే ముందు లేపి, దుప్పటి పట్టుకోమని, ఫోన్ వైపు చూడమంటారు. అవ్వ అట్లాంటప్పుడు కొంగు ముఖం మీదికి లాక్కుంటుంది. నిద్ర చెడిపోయిన మనిషి మళ్ళీ పడుకోవడానికి ఎంత టైమ్ పడుతుందో రాత్రి డ్యూటీలో ఉన్న నాకు తెలుసు. సభలో జాలి మాటలు కూడా వద్దు. ఎవరైనా లేచి, "పాపం వీళ్ళు" అని మొదలుపెడితే తాత కర్ర తీసుకుని వెళ్ళిపోతాడు, ముందే చెప్తున్నాను. ప్రశ్నలు అడగండి. రాత ఉందా లేదా అని ఆయనతో వాదించండి. ఆయనకు అదే మర్యాద.

మాట్లాడనివాళ్ళు కూడా ఉంటారు. మా మూల షట్టర్ దగ్గర ఒక అబ్బాయి ఏడాదిగా ఒక్క మాట మాట్లాడలేదు. అతన్ని డాక్టరుకు చూపించే ప్రయత్నంలో ఉన్నాం. అతన్ని తీసుకురాను. వచ్చేవాళ్ళు ముగ్గురో నలుగురో. హాలు నిండకపోయినా పర్వాలేదు.

ఇంకో చిన్న కోరిక. బోర్డుల సార్‌కు రీడింగ్ రూమ్‌లో కూర్చుని పేపర్ చదవడం ఇష్టం. పుస్తకం ఇంటికి తీసుకుపోవాలంటే అడ్రస్ ప్రూఫ్ కావాలి కదా, అది ఆయన దగ్గర లేదు. నా అడ్రస్ మీద, నా జామీను మీద ఆయనకు కార్డు ఇవ్వండి. పుస్తకం పోతే డబ్బు నేను కడతాను. పోదు. నా షాపు సొరుగులో దాస్తాడు.

మీరు సరేనంటే కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. తాత తుంటి వల్ల మెట్లు ఎక్కలేడు, కింది హాలులో పెట్టండి. బోర్డుల సార్ మాట్లాడడు, రాసి చూపిస్తానన్నాడు, ఒక నల్లబల్ల, రంగు చాక్‌పీసులు కావాలి. అవ్వ పగలు తరచుగా ఊళ్ళో ఉండదు. ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి ఆధార్ కార్డు మా షాపు మందుల కవర్లో పెట్టుకుని, జీరో టికెట్ మీద కొల్లాపూర్ పోతుంది. అక్కడి నుంచి సోమశిల దాకా పోయి, ఒడ్డున కూర్చుని, నీళ్ళు ఎంత దూరం వెనక్కి పోయాయో చూసి, చీకటి పడేసరికి వస్తుంది. కాబట్టి సభ ఏడు గంటలకు పెట్టండి. ఆరింటికి అయితే ఆమె ఇంకా బస్సులోనే ఉంటుంది.

ఇట్లు,
పెద్దాసుపత్రి దారిలో రాత్రి డ్యూటీ చేసే ఒక ఫార్మసిస్టు
మహబూబ్‌నగర్